ఆవిడ హోదా కన్నా ముందు, గ్రూపు మారిన సంగతి చెప్పాలి

ప్రశ్న: మా అమ్మాయి సైన్యంలో డాక్టరుగా చేరతానంటోంది. ఎప్పుడూ ఎయిర్ మార్షల్ పద్మావతి బందోపాధ్యాయ గారి గురించే మాట్లాడుతుంది. ఆడపిల్లకు అక్కడ నిజంగా ఎదుగుదల ఉంటుందా?

ఉంటుందండీ. ఇందులో నాకు అనుమానం లేదు. పద్మావతి గారు 2002లో ఎయిర్ వైస్ మార్షల్, 2004లో ఎయిర్ మార్షల్ అయ్యారు. వాయుసేనలో ఈ రెండు హోదాలూ అందుకున్న మొదటి మహిళ ఆవిడే. అదే 2004లో, ఆవిడకు కాస్త ముందు, పునీతా అరోరా గారు ఆర్మీలో దానికి సమానమైన లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు. ఇద్దరూ పుణేలోని ఏఎఫ్ఎంసీలో, అంటే సైన్యానికి డాక్టర్లని తయారుచేసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో, చదివినవాళ్ళే. 2024 అక్టోబరులో మూడు దళాల వైద్య సేవలకూ అధిపతిగా ఆర్తీ సరీన్ గారు వచ్చారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. అంటే పైదాకా దారి ఉంది.

నాకు కోపం వచ్చేది దారి మొదట్లోనే. ఏళ్ళ తరబడి ఏఎఫ్ఎంసీలో 145 సీట్లుంటే అమ్మాయిలకిచ్చింది 30. మిగతా 115 అబ్బాయిలకే. నీట్‌లో అబ్బాయి కన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న అమ్మాయి కూడా ఈ లెక్క దగ్గర ఆగిపోతుంది. ఆడవాళ్ళు ఎయిర్ మార్షల్ అయ్యారని చప్పట్లు కొడతాం గానీ ఆ 30 గురించి ఎవరూ అడగరు. మీ అమ్మాయికి ఈ లెక్క ముందే చెప్పండి. భయపెట్టమని కాదు, ఎంత చదవాలో దానికి తెలుస్తుంది.

ఇంకో మాట కూడా చాలామంది అంటారు. మా బంధువుల్లోనే విన్నాను. "డాక్టరమ్మే కదా, విమానం నడిపిందా, యుద్ధం చేసిందా" అని. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను పెరిగింది బెంగళూరు విమానపురలో. మా నాయన వాయుసేనలో మెడికల్ అసిస్టెంట్, ఆ రోజుల్లో సార్జెంట్. పైలట్ల ఆరోగ్యాన్ని పరీక్షించే, పరిశోధనలు చేసే సంస్థ అక్కడే ఉంది. ఇప్పుడు దాని పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్, 1957లో మొదలైంది. గగన్‌యాన్‌లో అంతరిక్షానికి వెళ్ళేవాళ్ళ ఎంపిక పరీక్షలు జరిగింది కూడా అందులోనే.

గాలి పలచన చేసే గది గురించి నాయన చెప్పేవాడు. లోపల మనుషుల్ని కూర్చోబెట్టి, ఎంతో ఎత్తులో ఎగురుతున్నట్టుగా గాలి తగ్గిస్తారు. ఆక్సిజన్ మాస్కు తీయించి, కాగితం ఇచ్చి, 100 నుంచి 7 తీసేస్తూ రాయమంటారు. 93, 86, 79 దాకా బాగానే రాస్తారు. తర్వాత అంకెలు పక్కకి వాలతాయి, ఒకే అంకె రెండుసార్లు పడుతుంది, చివరికి పెన్ను గీసిన గీతలే మిగులుతాయి. మాస్కు పెట్టగానే తెలివొచ్చి, "నేను సరిగ్గానే రాశాను కదా" అంటారట. తప్పు చేస్తున్నామన్న సంగతే మెదడుకి తెలియదు. గాల్లో ఒంటరిగా ఉన్న పైలట్‌కి అలా జరిగితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఎవరు ఎగరొచ్చు, ఎవరు ఎగరకూడదు అని చెప్పే చదువు అది. దాన్ని ఏవియేషన్ మెడిసిన్ అంటారు. మన దేశంలో అందులో స్పెషలిస్టు అయిన మొదటి మహిళ పద్మావతి గారు. 1971 యుద్ధం జరుగుతున్నప్పుడు ఆవిడ పంజాబులోని హల్వారా స్థావరంలో ఉన్నారు, భర్త సతీనాథ్ గారు కూడా. ఇద్దరికీ ఒకే వేడుకలో విశిష్ట సేవా పతకం ఇచ్చారు. ఇక "డాక్టరమ్మే కదా" అనేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు.

అయితే నేను ఇంత పొద్దుపోయాక కూర్చుని జవాబు రాస్తున్నది దీనికోసం కాదు.

పద్మావతి గారు 1944లో మన తిరుపతిలో పుట్టారు, తమిళం మాట్లాడే కుటుంబంలో. పెరిగింది ఢిల్లీలో. వాళ్ళమ్మకి క్షయ, మంచం పట్టారు. నాలుగైదేళ్ళ వయసు నుంచే ఈ పిల్ల అమ్మని చూసుకుంది, ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. గోల్ మార్కెట్‌లో వాళ్ళ పక్కింట్లో అదే పేరున్న పెద్ద డాక్టరు ఉండేవారు, లేడీ హార్డింజ్ కాలేజీ ప్రొఫెసర్ ఎస్.ఐ. పద్మావతి గారు. ఆవిణ్ణి చూసి డాక్టర్ అవ్వాలనుకుంది. కానీ బళ్ళో చదివింది ఆర్ట్స్. అక్కణ్ణించి కాలేజీలో సైన్స్‌కి మారి, కిరోరీమల్ కాలేజీలో ప్రీ మెడికల్ చదివి, 1963లో ఏఎఫ్ఎంసీలో చేరింది. ఆ రోజుల్లో అలా మారడం మామూలు విషయం కాదు.

ఈ ముక్క ఎక్కడా చెప్పరండీ. మొదటి మహిళా ఎయిర్ మార్షల్, సైనికాధికారులకి పై చదువు చెప్పే స్టాఫ్ కాలేజీలో కోర్సు చేసిన మొదటి మహిళ, ఉత్తర ధ్రువ ప్రాంతంలో పరిశోధన చేసిన మొదటి భారతీయ మహిళ, అన్నీ వరసగా చదివేస్తారు. పరీక్షల కోచింగ్ పుస్తకాల్లో ఒక్క లైను, పేరు పక్కన సంవత్సరం. పిల్లలకి పనికొచ్చేది ఆ లైను కాదు.

నా సంగతి చెప్తాను. మా అమ్మకి కీళ్ళవాతం. నాకు పదేళ్ళు వచ్చేసరికి వేళ్ళు పక్కకి తిరిగిపోయాయి. మాత్రల షీటు నొక్కి మాత్ర బయటికి తీయలేకపోయేది. నేను బడికి వెళ్ళే ముందు మూడు పూటలవీ తీసి, మూడు చిన్న గిన్నెల్లో వేసి, పిల్లి ముట్టుకోకుండా పైన సాసర్లు బోర్లించి వెళ్ళేదాన్ని. తల దువ్వడం, చీర కట్టడం, పొద్దున్నే వేడినీళ్ళ కాపడం, అన్నీ నేనే. ఏ మాత్ర పరగడుపున వేయకూడదో, ఏది వేసుకుంటే అమ్మకి కడుపులో మండుతుందో నాకు తెలుసు. ఆసుపత్రిలో డాక్టరు నాయనని అడిగితే నాయన నావైపు చూసేవాడు.

1988లో ఎస్ఎస్ఎల్‌సీ, అంటే పదో తరగతి, పాసయ్యాను. పీయూసీలో (మన ఇంటర్ లాంటిదే) ఆర్ట్స్ తీసుకున్నాను, మధ్యాహ్నానికల్లా ఇంటికి రావచ్చని. రెండు నెలలు గడిచాక మనసు ఒప్పుకోలేదు. నాయనతో చెప్పాను, "నాయనా, నేను డాక్టర్ చదువుతా, సైన్స్‌కి మార్పించు" అని. ఆయన ఒక పూట సెలవు పెట్టి, ఇస్త్రీ యూనిఫాంలో నాతో కాలేజీకి వచ్చాడు. ఆఫీసు గదిలో పొడుగాటి టేబులు, దానిమీద ఆకుపచ్చ రెగ్జిన్. దాని వెనకున్న పెద్దమనిషి నా అప్లికేషన్ చదవను కూడా చదవలేదు. ఒక వేలితో వెనక్కి తోశాడు. ఆర్ట్స్ నుంచి సైన్స్‌కి ఎవరూ మారరన్నాడు. ఇంట్లో అమ్మకి బాగాలేదని నాయన చెప్తే, "అయితే సాయంత్రం దాకా ల్యాబుల్లో ఉంటే ఇంటిపని ఎవరు చేస్తారు" అన్నాడు. నాయన కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "పద తల్లీ" అన్నాడు. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చాక నేను మధ్యాహ్నం గిన్నె మీద సాసరు తీసి అమ్మకి మాత్ర వేశాను.

నేను ఎకనామిక్స్ చదివాను, బ్యాంకు ఉద్యోగం చేశాను. బతుకు బాగానే గడిచింది. అమ్మ 2003 దాకా ఉంది.

2020 జనవరిలో పద్మ పురస్కారాల జాబితా వచ్చింది. పేపర్లో పద్మావతి బందోపాధ్యాయ అని చూసి ముందు బెంగాలీ ఆవిడ అనుకున్నాను. తిరుపతి అని కనబడేసరికి ఆగి, ఫోన్లో ఆవిడ గురించి చదవడం మొదలుపెట్టాను. హౌస్ సర్జన్సీ బెంగళూరు వాయుసేన ఆసుపత్రిలోనే చేశారట. అంటే నేను అమ్మని చెయ్యి పట్టుకుని నడిపించిన ఊళ్ళోనే! తర్వాత అమ్మ జబ్బు, ఆర్ట్స్, సైన్స్. నా చెయ్యి వణికింది. అప్పటికి నాయనకి 79. మురుగేష్‌పాళ్యలో మా ఇంటి ముందు ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయనకి చదివి వినిపించాను.

ఆవిడ పేరు నాయనకి తెలుసు. వాయుసేన వైద్య శాఖలో ఉన్నవాళ్ళకి తెలియకుండా ఎలా ఉంటుంది? హోదా తెలుసు, పతకం తెలుసు. గ్రూపు మారిన సంగతి మాత్రం తెలియదు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. చాలాసేపు గేటు వైపు చూస్తూ కూర్చుని, "ఆ రోజు నాకీ ముక్క తెలిసుంటే ఆ టేబులు ముందు ఒక్క మాట చెప్పేవాణ్ణి" అన్నాడు. ముప్పై రెండేళ్ళు ఆయన మనసులో ఆ టేబులు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మీ అమ్మాయి ఏ గ్రూపులో ఉందో మీరు రాయలేదు. సైన్స్ అయితే సరే. కాకపోయినా ఆపకండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎలాగూ కావాలి. బయాలజీ లేకుండా 12 పాసైనవాళ్ళు దాన్ని అదనపు సబ్జెక్టుగా తర్వాత రాసినా నీట్ రాయడానికి 2023లో అనుమతి ఇచ్చారు. ఏఎఫ్ఎంసీకి కూడా నీట్ రాయాల్సిందే. చదువయ్యాక సైన్యంలో పనిచేస్తామని ఒప్పందం రాయాలి, అది కూడా ముందే చదువుకోండి. ఫారం పట్టుకుని వెళ్ళేటప్పుడు అమ్మాయిని ఒక్కదాన్నే పంపకండి, మీరూ వెళ్ళండి. టేబులు వెనకున్న మనిషి ఇలా మారడం ఎక్కడా జరగదు అంటే, అరవయ్యేళ్ళ కిందటే ఢిల్లీలో ఒక తిరుపతి అమ్మాయి మారిందని చెప్పండి. ఆవిడ పేరు కూడా చెప్పండి.