ముందు చూడు, తర్వాత వాదించు

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల (మనిషి, చెట్టు లాంటి గుర్తుపట్టే ఆకారాలు లేకుండా రంగులతో, గీతలతో వేసేవాటి) ఎగ్జిబిషన్‌లో ఒక స్నేహితుడు "ఇలాంటివి మా తమ్ముడు కూడా గీస్తాడు" అన్నాడని, ఇంకో అమ్మాయి "నీకు ఆర్ట్ అర్థం కాదులే" అని తీసిపారేసిందని, గొడవ ముదిరిందని రాశావు. ఆ బొమ్మల్లో నీకు ఒకటి బాగా నచ్చిందని, కానీ ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయావని చివర్లో రాశావు. నన్ను పట్టుకున్నది ఆ చివరి వాక్యమే. ఎందుకు నచ్చిందో చెప్పగలగడం పుట్టుకతో వచ్చే తెలివేమీ కాదు. అలవాటు చేసుకుంటే ఎవరికైనా వస్తుంది.

మీ వాళ్ళిద్దరి మాటల్లో ఒక సంగతి గమనించావా? ఒకరు గీసినవాడి గురించి మాట్లాడారు, ఇంకొకరు చూసినవాడి గురించి మాట్లాడారు. ఎదురుగా గోడ మీద ఉన్న బొమ్మ గురించి ఎవరూ నోరు విప్పలేదు. అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ మీద జరిగే గొడవల్లో ఎక్కువ భాగం ఇలాగే నడుస్తాయి. ఎవరేమన్నా సరే, మాటను మళ్ళీ కాన్వాస్ మీదకు లాక్కురావడమే నీ పని. అలా లాగాలంటే ముందు నువ్వు దాన్ని బాగా చూసి ఉండాలి. కాబట్టి చూడటం గురించే ఎక్కువ రాస్తాను.

మొదటిది టైమ్. గ్యాలరీలో చాలామంది బొమ్మ పక్కనున్న చీటీ చదవడానికి పెట్టినంత సేపు కూడా బొమ్మకు పెట్టరు. యాడ్ రైన్‌హార్ట్ అనే అమెరికన్ చిత్రకారుడు 1960ల్లో అయిదడుగుల చదరంగా ఉండే నల్లటి కాన్వాసులు వరసగా వేశాడు. వాటి ముందు నిలబడితే మొదట నలుపు తప్ప ఏమీ కనపడదు. "ఓహో, నల్లరంగు పూశాడు" అనుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. కదలకుండా కొన్ని నిమిషాలు నిలబడితే కన్ను ఆ చీకటికి సర్దుకుంటుంది. అప్పుడు ఆ నలుపు తొమ్మిది గళ్ళుగా విడిపోయి, మధ్యలో ఒక శిలువ ఆకారం మెల్లగా తేలుతుంది. ఒక గడి నలుపులో కొంచెం ఎరుపు, ఇంకోదాంట్లో నీలం, మరోదాంట్లో ఆకుపచ్చ ఉన్నట్టు తెలుస్తుంది. ఫోన్‌లో ఫోటో తీస్తే ఇదేమీ రాదు. ఆ బొమ్మలో ఉన్నదంతా ఆగి చూసినవాళ్ళకే దక్కుతుంది. అన్ని బొమ్మలూ ఇంత పరీక్ష పెట్టవు కానీ, ఏదైనా సరే కనీసం అయిదు నిమిషాలు చూడకుండా దాని మీద అభిప్రాయం చెప్పకు. నచ్చిందని కూడా చెప్పకు.

రెండోది, "ఇది ఏమిటి?" అని అడగడం మానెయ్. గుర్రమా, కొండా, ముఖమా అని వెతికితే కన్ను ఆ వెతుకులాటలోనే అలిసిపోతుంది. "నా చూపు మొదట ఎక్కడ పడింది? అక్కణ్ణించి ఎటు వెళ్ళింది? ఎక్కడ ఆగింది?" అని అడుగు. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ తన బొమ్మలకు 'ఇంప్రొవైజేషన్', 'కాంపొజిషన్' అని సంగీతం నుంచి పేర్లు తెచ్చిపెట్టడం ఊరికే కాదు. రాగాలాపన వింటున్నప్పుడు ఇందులో మాటలేవి, అర్థమేమిటి అని ఎవరం అడగం కదా. ఏ స్వరం దగ్గర ఆగింది, ఎటు తిరిగింది, ఎక్కడికి వచ్చి నిలిచింది అనే వింటాం. కన్నుకూ ఆ స్వేచ్ఛ ఇవ్వు.

ఒక బొమ్మ దగ్గర పెట్టుకుని చేసి చూద్దాం. డచ్ చిత్రకారుడు మోండ్రియన్ 1930లో వేసిన ఎరుపు, నీలం, పసుపు కూర్పు ఒకటి జ్యూరిక్ మ్యూజియంలో ఉంది. ఒకటిన్నర అడుగు చదరం, అంతే. దాని మంచి ప్రింటో, ఫోటోనో ముందు పెట్టుకో. పైన కుడివైపు చాలా భాగం ఎరుపే. కింద ఎడమ మూల చిన్న నీలం. కింద కుడి మూల ఇంకా చిన్న పసుపు ముక్క. మిగతాదంతా తెలుపు, మధ్యలో నల్లటి గీతలు. ఇప్పుడు ఆ నీలం ముక్క మీద బొటనవేలు పెట్టి మూసెయ్. బొమ్మంతా కుడివైపుకి ఒరిగిపోయినట్టు అనిపిస్తుంది. వేలు తీసెయ్, నిలబడుతుంది. అంత చిన్న నీలం అంత పెద్ద ఎరుపును ఎలా మోస్తోందా అని ఆలోచించు. తర్వాత పసుపు మూసి చూడు. గీతలన్నీ ఒకే మందంలో ఉన్నాయా? లేవు. ఎడమవైపు ఒక చిన్న అడ్డగీత మిగతావాటికన్నా లావుగా ఉంటుంది. అదెందుకు అక్కడ లావు కావలసి వచ్చిందో నీ అంతట నువ్వు చెప్పు.

మోండ్రియన్ అసలు కాన్వాసుల్లో ఇంకో సంగతి ఉంది, ప్రింట్లలో అది పోతుంది. తెలుపు ఒకే తెలుపు కాదు. ఒక గడిలో కుంచె నిలువుగా కదిలింది, పక్క గడిలో అడ్డంగా కదిలింది. కొన్ని బొమ్మల్లో నల్లగీత అంచు దాకా వెళ్ళకుండా కాస్త ముందే ఆగిపోతుంది. స్కేలు పెట్టి గీసేస్తే అయిపోయే పని కాదిది. అతను 1908 నుంచి 1912 దాకా చెట్ల బొమ్మలు వేశాడు. మొదట ఎర్రటి చెట్టు, తర్వాత బూడిద రంగు చెట్టు, ఆ తర్వాత పూసిన ఆపిల్ చెట్టు. ఆ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే కొమ్మలు కొమ్మలుగా ఉండటం మానేసి వంపులుగా, గీతలుగా మారడం కళ్ళారా చూస్తావు. నన్నడిగితే అబ్‌స్ట్రాక్ట్ మీద అపనమ్మకం ఉన్నవాళ్ళకు వంద మాటలు చెప్పే బదులు ఆ మూడు చెట్లూ చూపించడం నయం.

అసలు కాన్వాస్ దొరికినప్పుడు రెండు దూరాల నుంచి చూడు. అమెరికన్ చిత్రకారుడు పొలాక్ 1950లో వేసిన పెద్ద బొమ్మల్లో కొన్ని అయిదు మీటర్లకు పైగా వెడల్పు ఉంటాయి. దూరం నుంచి ఒకే అల్లిక. దగ్గరికెళ్ళి ఏ రంగు మీద ఏ రంగు పడిందో, ఏది తడిగా ఉండగా కలిసిపోయిందో, ఏది ఆరాక పడిందో చూస్తే ఆ చేతి వేగం, ఆ చెయ్యి ఆగిన చోటు తెలుస్తాయి. మన దేశపు చిత్రకారుడు గాయ్‌తోండే కుంచెను పక్కన పెట్టి రోలర్లతో, చాకుతో రంగు పరిచేవాడు, గీకేవాడు, మళ్ళీ పరిచేవాడు. ఏడాదికి కొద్ది బొమ్మలే వేసేవాడు. వాటి ముందు నిలబడితే పైపొర కింద ఇంకో వెలుతురు ఉన్నట్టు అనిపిస్తుంది. అది ఎక్కణ్ణించి వస్తోందో పొరలు లెక్కపెడుతూ వెతుకు. చీటీలో 'అన్‌టైటిల్డ్' (పేరు పెట్టనిది) అని ఉంటే కంగారుపడకు. చీటీ ఎప్పుడూ ఆఖర్న చదవాలి.

ఇక వాదన సంగతి. "మా తమ్ముడు గీస్తాడు" అనే మాటకు కోపం తెచ్చుకోకు. అది అడగదగ్గ ప్రశ్నే, పైగా పరీక్షించి చూసిన ప్రశ్న. బోస్టన్ కాలేజీ పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. పేరున్న అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుల బొమ్మలను పిల్లలు, కోతులు, ఏనుగులు వేసినవాటితో జతలు కట్టి చూపించి, ఏది మంచి బొమ్మ అని అడిగారు. పేర్ల చీటీలు తారుమారు చేసినప్పుడు కూడా జనం చిత్రకారుల బొమ్మలనే ఎక్కువగా ఎంచుకున్నారు. అయితే ప్రతిసారీ కాదు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పు. సగం నిజం చెప్పి గెలిచిన వాదన ఎక్కువ రోజులు నిలవదు.

అవతలివాళ్ళు గట్టి ఉదాహరణలు తెస్తారు, రెడీగా ఉండు. 1964లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక జర్నలిస్టు చింపాంజీ వేసిన బొమ్మలను ఫ్రెంచ్ చిత్రకారుడివని చెప్పి ప్రదర్శనలో పెట్టాడు. ఒక విమర్శకుడు తెగ మెచ్చుకున్నాడు. నిజమే, విమర్శకులు మోసపోతారు. ఆ మాట ఒప్పేసుకుని, "సరే, మరి ఈ ఎదురుగా ఉన్న బొమ్మ సంగతేమిటి?" అని అడుగు. ఇంకోటి ఇంతకన్నా ఇబ్బంది పెట్టేది. మోండ్రియన్ 1941లో రంగు టేపులు అతికించి చేసిన 'న్యూయార్క్ సిటీ 1' జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలో 1980 నుంచి ఉంది. అది తలకిందులుగా వేలాడుతోందని 2022లో బయటపడింది. టేపులు ఊడిపోతాయని భయపడి అలాగే ఉంచేశారు. దీన్ని నవ్వి కొట్టిపారెయ్యకు. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టుకోలేదంటే, మనం గొప్ప పేరు చూసి తల ఊపుతున్నామే గానీ బొమ్మ చూడటం లేదన్నమాట. కానీ ఆ తప్పు పట్టుకున్నదెలాగ? పారిస్‌లో ఉన్న అలాంటి బొమ్మలో గీతలు పైభాగాన దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఇందులో కింద ఉన్నాయి. ఒకరు రెండూ పోల్చి చూశారు, దొరికింది. రెండు పక్షాలకూ పనికొచ్చే కథ అది.

"అసలు ఇది ఆర్టేనా?" అనే ప్రశ్న మీద ఎక్కువసేపు కూర్చోకు. అవునని తేలినా కాదని తేలినా బొమ్మ గురించి నీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఇది మంచి బొమ్మా, చెడ్డ బొమ్మా అన్నది పనికొచ్చే ప్రశ్న. అబ్‌స్ట్రాక్ట్‌లో చెడ్డవి బోలెడున్నాయి, మొహమాటం లేకుండా చెప్పు. మూడోసారి చూసేసరికి కొత్తగా ఏమీ ఇవ్వనిది, ఏ మూల మూసినా తేడా పడనిది, చిత్రకారుడు తన పాత అలవాటునే మళ్ళీ మళ్ళీ దింపేసినది నా లెక్కలో చెడ్డ బొమ్మే, సంతకం ఎవరిదైనా సరే. బాగా చూసి "నాకు నచ్చలేదు, ఇదిగో ఇందుకు" అన్నవాళ్ళ మీద నాకున్న గౌరవం, చూడకుండా "అద్భుతం" అన్నవాళ్ళ మీద లేదు.

కొన్ని బొమ్మల విలువ కంటికి కనపడే దాంట్లో కన్నా, అవి వచ్చిన వేళలో ఉంటుంది. 1915లో రష్యాలోని పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో మలేవిచ్ అనే చిత్రకారుడు తన నల్ల చదరం బొమ్మను గది మూలన పైభాగంలో, రష్యన్ ఇళ్ళలో దేవుడి పటం పెట్టే చోట వేలాడదీశాడు. అది నా కంటికి అంతగా ఏమీ ఇవ్వదు, కానీ ఆ రోజున ఆ చోట అది పెట్టడం ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. ఈ రెండు విలువల్నీ కలిపేస్తే వాదన తెగదు. 'అబ్‌స్ట్రాక్ట్‌లో ఎవరు మొదలు' అనే గొడవ కూడా అలాంటిదే. స్వీడన్‌కు చెందిన హిల్మా అఫ్ క్లింట్ 1906లోనే అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు మొదలుపెట్టింది. తను పోయాక ఇరవై ఏళ్ళ దాకా చూపించవద్దని చెప్పింది. 1986 దాకా లోకానికి పెద్దగా తెలియలేదు. ఆమె పేరు లేకుండా అన్నాళ్ళు పుస్తకాలు రాసుకోవడం అన్యాయమే. అయినా ఆమె బొమ్మలు గొప్పవనడానికి తేదీ ఒక్కటే చాలదు, వాటినీ చూడాల్సిందే.

డబ్బు మాట మాత్రం చివరికి ఉంచు. అది ముందే వచ్చిందంటే బొమ్మ కనపడకుండా పోతుంది. 1973లో ఆస్ట్రేలియా ప్రభుత్వం పొలాక్ వేసిన 'బ్లూ పోల్స్' బొమ్మను 13 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు కొంటే దేశమంతా గగ్గోలు పెట్టింది. ప్రజాధనం ఎలా ఖర్చు పెడుతున్నారని అడగడంలో తప్పేమీ లేదు. అది న్యాయమైన ప్రశ్నే, కానీ అది బడ్జెట్ గురించి. దానికి జవాబు కాన్వాస్‌లో దొరకదు. అంతకు ముందెప్పుడో, 1878లో, తన బొమ్మను తిట్టిన విమర్శకుడి మీద పరువునష్టం కేసు వేసిన విస్లర్ అనే చిత్రకారుణ్ణి లండన్ కోర్టులో, రెండు రోజుల పనికి రెండు వందల గినీలు (అప్పటి బ్రిటిష్ డబ్బు) అడుగుతున్నావా అని నిలదీశారు. కాదు, జీవితమంతా సంపాదించిన జ్ఞానానికి అడుగుతున్నాను అన్నాడు. కేసు గెలిచాడు, నష్టపరిహారం కింద ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు, ఇచ్చారు! నాకు మాత్రం ఇప్పటికీ తేలని ప్రశ్న ఇంకోటుంది. న్యూయార్క్‌లో 2004లో ఒకరు రోత్కో అనే పేరున్న అమెరికన్ చిత్రకారుడి బొమ్మ అనుకుని 83 లక్షల డాలర్లు పెట్టి కొన్నది తర్వాత నకిలీ అని తేలింది. కాన్వాస్ అదే, రంగులు అవే. నిన్నటిదాకా దాన్ని చూసి పొందిన ఆనందం అబద్ధమా? కొంతవరకు అబద్ధమే అంటాను. ఒక మనిషి తన వెతుకులాటలో ఎక్కడెక్కడో తిరిగి చేరుకున్న చోటు వేరు, దాన్ని చూసి దింపినవాడు చేరుకున్న చోటు వేరు. నువ్వు ఒప్పుకోకపోతే ఎందుకో రాయి, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.

వాదించేటప్పుడు ఒక్క పద్ధతి పాటించు. "ఇందులో ఏమీ లేదు" అని ఎవరైనా అంటే, "ఆ ఎడమ అంచున ఏ రంగు కింద ఏ రంగుందో చూసి చెప్పు" అని అడుగు. చెప్పడానికి వాళ్ళు చూడాలి. చూశాక కూడా ఏమీ లేదంటే ఒప్పుకో. "నీకు అర్థం కాదు" అనే మాట మాత్రం నీ నోట రాకూడదు, పెద్ద పెద్ద పదాలు కూడా వద్దు. బొమ్మలో చూపించలేని మాట వాదనలో వాడకు.

ఇవన్నీ చదివినంత మాత్రాన పట్టుబడవు. ఈ ఆదివారం రంగు కాగితాలు మూడు తీసుకో, వేరు వేరు సైజుల్లో నాలుగైదు ముక్కలు కత్తిరించు, తెల్ల కాగితం మీద జరుపుతూ కూర్చో. ఎప్పుడు కుదిరిందని నీ కంటికి అనిపిస్తుందో అప్పుడే అతికించు. ముందు రోజు కుదిరిందనుకున్నది మర్నాడు పొద్దున కుదరనట్టు కనిపిస్తే పీకేసి మళ్ళీ చెయ్. ఎక్కడ ఆపావో, ఎందుకు ఆపావో ఆ కాగితం వెనకాలే నాలుగు ముక్కలు రాసి నాకు పోస్టు చెయ్.

ఇట్లు,
మీ పెద్దమ్మ