సొర చేపేనా? ముల్లు ఎముకేనా?

సందేహం: మా అమ్మాయి ఇంటర్ జువాలజీ పాఠంలో దవడలు లేని చేపలు, మృదులాస్థి చేపలు, అస్థి చేపలు అని మూడు రకాలు చెప్పారు. మేం చేప ముల్లు అంటాం గాని చేప ఎముక అని ఎప్పుడూ అనం. సొరకి ఎముకే లేదంటున్నారు. అలాంటప్పుడు దాన్ని చేప అనొచ్చా? తిమింగలం చేప కాదని తీసేసి, దవడైనా లేని జీవిని చేపల్లో కలపడం ఏం న్యాయం? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అనొచ్చు. సొర చేపే, పళ్లెంలా పరుచుకుని ఉండే టేకు చేపే, దవడ లేని లాంప్రే కూడా చేపే. తిమింగలం మాత్రం కాదు. జీవితాంతం మొప్పలు ఉండి, నీళ్లలో ఈదే వెన్నెముక జీవులన్నిటికీ చేప అనే మాట సరిపోతుంది. తిమింగలానికి మొప్పల్లేవు. అది ఊపిరి కోసం పైకి రావాలి, పిల్లకి పాలివ్వాలి. ఎముక ఉందా లేదా అన్నది చేప అవునో కాదో తేల్చే గుర్తు కాదు, అది చేపల్లో ఏ రకమో చెప్పే గుర్తు.

ఇక ముల్లు సంగతి. మీ ఇంట్లో అనే మాట తప్పు కాదు. పొలస తిన్నవాళ్లకి తెలుసు, వెన్నుకి అతుక్కోకుండా కండ మధ్యలో సన్నని పంగల ముళ్లు ఎన్నుంటాయో. అవన్నీ అసలైన ఎముకలే. గుచ్చుకుంటాయి కాబట్టి తెలుగువాళ్లు ముల్లు అన్నారు. అయితే జెల్ల పట్టుకుంటే చేతిలో దిగేది కూడా మనకు ముల్లే. అది ఈతరెక్కకు ముందుండే గట్టి పుల్ల, అదీ ఎముకే. టేకు తోక మీద ఉండేదాన్నీ ముల్లే అంటాం. అది మాత్రం ఎముక కాదు, చర్మం మీది పొలుసు మారి అలా పెరిగింది. దాన్ని కోసి చూస్తే పంటి పదార్థం లాంటిది కనిపిస్తుంది. ఇలా ఒక్క ముల్లు మూడు వేర్వేరు వస్తువుల్ని చెబుతోంది కాబట్టే పాఠంలో ‘ముళ్ల చేపలు’ అంటే కుదరదు. అక్కడ ఎముక అని అర్థమిచ్చే అస్థి అనే మాట అవసరం. వంటింట్లో దాని అవసరం లేదు.

సొర దగ్గర ఈ తేడా చేతికే తెలుస్తుంది. బజార్లో చేప తాజాదో కాదో చూడటానికి మొప్ప మూత ఎత్తి లోపల ఎరుపు చూస్తాం. సొరకి ఎత్తడానికి మూతే లేదు. పక్కన మొప్ప చీలికలు, చాలా సొరలకి ఐదేసి, బయటికే కనిపిస్తాయి. తల నుంచి తోకవైపు నిమిరితే నున్నగా ఉండే చర్మం, ఎదురు నిమిరితే గరగరమని గీసుకుంటుంది. దాని పొలుసులు పంటి పదార్థంతో తయారైన చిన్న చిన్న మొనలు. బాలింతకి సొర పొట్టు చేసేటప్పుడు ఉడికించి, ఆ గరుకు తోలు తీసేశాక, కండ చేత్తో ఇట్టే పొడిపొడిగా విడిపోతుంది. నడుమ వెన్ను తప్ప ఏరాల్సిన ముళ్లు ఉండవు. ఆ వెన్ను మన చెవి డొప్పలో, ముక్కు కొనలో ఉండే పదార్థమే, కాకపోతే సున్నం పట్టి గట్టిపడి ఉంటుంది.

దాని పేరే మృదులాస్థి. చాలామంది ‘మృధులాస్థి’ అని రాస్తున్నారు, అది తప్పు. మృదుల, అస్థి కలిసిన మాట కాబట్టి ద కి వత్తు ఉండదు. సుశ్రుతుడు ఎముకల్ని ఐదు రకాలుగా చెప్పి, ముక్కులో, చెవిలో ఉండేదాన్ని తరుణాస్థి అన్నాడు. రెండు పేర్లలోనూ అస్థి ఉండటంతో పిల్లలు దీన్ని ఇంకా ముదరని ఎముక అనుకుంటారు. దాని నుంచి ఇంకో పొరపాటు పుడుతుంది: సొరలు వెనకబడిన చేపలు, అస్థి చేపలు ముందుకెళ్లినవి అని. నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే పాఠంలో వరుసగా మూడు పేర్లు చదివితే మూడు మెట్లలాగే తోస్తాయి. నలభై కోట్ల ఏళ్లకు పూర్వం బతికిన దవడల్లేని చేపలు కొన్నిటికి ఒంటి మీద ఎముక కవచం ఉండేది. 2020లో మంగోలియాలో దొరికిన 41 కోట్ల ఏళ్ల నాటి ఒక చేప శిలాజాన్ని వర్ణించారు. సొరలు, అస్థి చేపలు వేరుపడక ముందటి వంశానిదైన ఆ చేప పుర్రెలో లోపలిదాకా ఎముక ఉంది. అంటే సొరల పూర్వీకులకు ఎముక ఉండి, తర్వాత పోయి ఉండవచ్చు. ఇంకో మాట. ఊపిరితిత్తుల చేప అస్థి చేపే, కానీ వంశం ప్రకారం శీలావతి చేప కంటే ఆవుకే దగ్గర. కాబట్టి మూడు రకాల్నీ పక్కపక్కన పెట్టాలి గాని ఒకదానిపై ఒకటి పేర్చకూడదు.

దవడలు లేని చేపల్లో ఇప్పుడు మిగిలినవి లాంప్రేలు, హాగ్‌ఫిష్‌లు మాత్రమే. పుస్తకాల్లో దవడకు హనువు అంటారు, హనుమంతుడి పేరులోని హనువే. నోటికి పలికే ‘దవడ’ ఉండగా దాని అవసరం పెద్దగా లేదు. లాంప్రే వేడి దేశాల నీళ్లలో బతకదు, అందుకే మన జాలర్ల నోట దానికి పేరు లేదు. సన్నగా, పొడుగ్గా ఉందని కొందరు అనువాదకులు మలుగుపాము అని రాస్తున్నారు. అలా రాయొద్దు. మలుగుకి దవడలున్నాయి, ఎముకలున్నాయి, అది పక్కా అస్థి చేప. లాంప్రేకి గుండ్రటి నోరు, దాని నిండా కొమ్ము లాంటి పళ్లు, తలకి రెండు పక్కలా ఏడేసి మొప్ప రంధ్రాలు. పెద్దయ్యాక కొన్ని రకాలు వేరే చేపకి అతుక్కుని నెత్తురు పీలుస్తాయి. లాంప్రే అనే రాయండి, నష్టమేమీ లేదు.

అప్పు తెచ్చుకున్న మాట అని చిన్నబోవాల్సిన పని కూడా లేదు, మన మాటలూ అటు వెళ్లాయి. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖ తీరంలో సేకరించిన 200 చేపల్ని 1803లో బొమ్మలతో అచ్చు వేస్తూ, ఇక్కడి జాలర్లు చెప్పిన పేర్లే కింద రాశాడు. అతడి ‘కానగుర్త’ను 1816లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కువియే శాస్త్రనామంలోకి తీసుకున్నాడు. మనం పులుసు పెట్టుకునే కానాగంతలకు ప్రపంచమంతా ఈ రోజుకీ అదే పేరు. తాకితే కరెంటు కొట్టే టేకు రకాన్ని రసెల్ ‘తెమెరీ’ అని రాసుకున్నాడు. మన తిమ్మిరే అది. 1831లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త గ్రే అలాంటి చేపకే టెమెరా అని ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు పెట్టాడు. 1839 నాటి ఒక సొర శాస్త్రనామంలో సొర అనే మాటే ఉంది.

చివరగా తిమింగలం. ‘తిమి’ అనే పెద్ద చేపను మింగేది తిమింగిలం, వాడుకలో తిమింగలమైంది. పేరులో చేపను మింగడం ఉంది గాని అది చేప అని లేదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చి, మళ్లీ సముద్రంలోకి పంపిన జీవి మాత్రం తిమింగల సొర. అది చేపే, చేపలన్నిటిలోకీ పెద్దది, మృదులాస్థి రకం. 2001 నుంచి మన దేశంలో దాన్ని పట్టడం నేరం. ఇలాంటి వార్త రాసేవాళ్లు ‘సొర’ను వదిలేసి తిమింగలం అనేస్తే అర్థం పూర్తిగా మారిపోతుంది. అనుమానం వస్తే తోక చూడమనండి. నిలువుగా ఉండి పక్కలకి ఆడితే సొర, అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఆడితే తిమింగలం.