ముందు బిల్లు, తరవాతే ఫోన్ నంబరు

ప్రశ్న: పిల్లలకి బట్టలు కొని కౌంటర్ దగ్గరికి వెళ్తే ఫోన్ నంబరు అడిగారు. ఇవ్వనంటే, ‘నంబరు కొట్టకపోతే బిల్లు రాదండీ’ అన్నారు. వెనక లైను పెరుగుతోంది, చెప్పేశాను. వారం తిరక్కుండానే ప్లాట్లు కొనమని ఫోన్లు మొదలయ్యాయి. ఇవ్వనని గట్టిగా అనే హక్కు నాకుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఉందమ్మా. డబ్బిచ్చారు, బట్టలు తీసుకున్నారు, బేరం అక్కడితో తీరిపోయింది. మీ నంబరు ఆ ధరలో భాగం కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు ఇదే చెప్పింది: నంబరు ఇవ్వలేదని అమ్మకం నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, నమ్మి చెప్పిన వివరాలు ఇంకొకరికి చేరవేయడమూ తప్పే.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నంబరు గడి తప్పనిసరిగా నింపాలా, ఖాళీగా వదలొచ్చా అన్నది సాధారణంగా యాజమాన్యం పెట్టుకునే సెట్టింగే. కౌంటర్ మీది అబ్బాయితో గొడవపడకండి, అది అతని చేతిలో లేదు. మేనేజరును పిలిపించి ‘కాగితం బిల్లు చాలు’ అనండి. కొన్నిచోట్ల పది తొమ్మిదులు కొట్టి పని కానిచ్చేస్తారు. అప్పుడు సైజు మార్చుకోవడానికి వెళ్తే నంబరుతో మీ బిల్లు దొరకదు, బిల్లు నంబరే ఆధారం. ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకే వెలిసిపోతాయి కాబట్టి ఇంటికి రాగానే ఫొటో తీసి పెట్టుకోండి.

మొండికేస్తే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ప్లాట్ల ఫోన్ల సంగతి వేరు. వాటి మీద 1909కి ఫిర్యాదు చేయాలి, అదీ కాల్ వచ్చిన 7 రోజుల్లోపు. ఎవరు, ఏ తేదీన చేశారో, ఏం అమ్మజూపారో రాసి పెట్టుకోండి. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. మామూలు పదంకెల నంబరు నుంచి వస్తే అదే ఒక ఉల్లంఘన.

నంబరు ఏ దుకాణం నుంచి పొక్కిందో రుజువు చేయడమే అన్నిటికన్నా కష్టం. అందుకని పేరు అడిగిన చోట ఒక్కోలా చెప్పండి: ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట లేకుండా. ఫోన్ చేసినవాడు ఏ పేరుతో పిలిచాడో దాన్ని బట్టి ఆచూకీ తెలుస్తుంది.

పరిహారం దగ్గర మాత్రం కొత్త చట్టం నిరాశపరుస్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది, కానీ అది ప్రభుత్వ ఖజానాకే పోతుంది. నష్టపోయిన మనిషికి రూపాయి రాదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. పైగా అందులోని ముఖ్యమైన బాధ్యతలు 2027 మే నుంచి గానీ అమలు కావు. అందాకా, ఆ తరవాతైనా, పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషనే దారి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ప్రశ్న: మాది చిన్న చీరల కొట్టు. కొత్త సరుకు వస్తే వాట్సాప్‌లో చెప్పడానికి నంబర్లు రాయించుకుంటాం. తప్పా?
– ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: అడగడం తప్పు కాదండీ. అడిగే వేళ, తీరు మార్చుకోండి. బిల్లు, సంచీ చేతికిచ్చాక, ‘కొత్త సరుకు వస్తే మెసేజ్ పెట్టమంటారా?’ అనండి. ఊఁ అన్నవారివే రాసుకోండి, తేదీతో సహా.

ఆ పుస్తకం కౌంటర్ మీద తెరిచి పెట్టొద్దు. తన నంబరు రాయడానికి వంగిన మనిషికి పైన ఇరవైమంది ఆడవాళ్ళ పేర్లు, నంబర్లు కనిపిస్తాయి. ఫోన్‌తో ఒక్క ఫొటో చాలు. విడి చీటీ ఇచ్చి రాయించుకుని, ఎక్కించుకున్నాక చించేయండి. అందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు కట్టొద్దు, ఒకరి నంబరు మరొకరికి తెలిసిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడండి. మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది, నిజంగా కావాలనుకున్నవారు చేసుకుంటారు. ‘వద్దు’ అని ఎవరైనా పెడితే ఆరోజే తీసేయండి. ఒప్పుకోవడం ఎంత తేలికో, వద్దనడమూ అంతే తేలికగా ఉండాలని కొత్త చట్టం అంటోంది.

ప్రశ్న: లాడ్జిలో ఆధార్ జిరాక్స్ ఇవ్వక తప్పదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: గుర్తింపు చూపాలి గానీ ఆధారే కానక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు కూడా చూపొచ్చు. ఆధారే ఇస్తే, ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో ‘మాస్క్‌డ్ ఆధార్’ ఎంచుకుని డౌన్‌లోడ్ చేసుకోండి, చివరి 4 అంకెలే కనిపిస్తాయి. ఫైలు తెరవడానికి పాస్‌వర్డ్: పేరులోని మొదటి 4 ఇంగ్లీషు పెద్దక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం.