తాతయ్య యానాంలో పుడితే నువ్వు ఫ్రెంచివాడివైపోవురా

ఒరేయ్ చిన్నా,

మీ తాతయ్య ఫ్రెంచివాళ్ల కాలంలో యానాంలో పుట్టాడు కాబట్టి నీకు ఫ్రెంచి పాస్‌పోర్టు ఖాయమని ఎవడో ఏజెంటు చెప్పాడట, అడ్వాన్సు కూడా అడిగాడట. ముందు ఆ డబ్బు ఆపు.

ఎక్కడ పుట్టాడన్నది సగం సంగతే. యానాం 1954లోనే మన చేతికొచ్చినా, భారత్, ఫ్రాన్సుల మధ్య 1956లో ఢిల్లీలో సంతకాలైన అప్పగింత ఒప్పందం అమల్లోకొచ్చింది 1962 ఆగస్టు 16న. ఆ రోజుకి యానాంలో ఉన్నా, పక్కన కాకినాడలో కాపురమున్నా, అక్కడ పుట్టిన ఫ్రెంచి పౌరులు ఏమీ చెయ్యకుండానే భారతీయులైపోయారు. కాదు, ఫ్రెంచివాడిగానే ఉంటానంటే ఆరు నెలల్లోపు రాసివ్వాలి. వియత్నాంలోని సైగాన్‌లోనో మరో దేశంలోనో ఉన్నవాళ్లకి లెక్క తిరగబడింది, ఊరుకుంటే వాళ్లు ఫ్రెంచివాళ్లే. పెళ్లికాని, 18 నిండని పిల్లలకి తండ్రి మాటే చెల్లింది, వాళ్ల పేర్లు కూడా ఆ కాగితంలో రాయించాలి. అందుకే ముందు ఆ కాగితం ఉందో లేదో తేల్చు.

ఇది మన యానాం తిరకాసే అనుకోకు. బ్రిటిష్‌వాళ్లు 1898లో 99 ఏళ్లకి లీజుకి తీసుకున్న హాంకాంగ్ న్యూ టెరిటరీస్‌లో పుట్టినవాళ్లు కూడా, 1997లో అది చైనా చేతికెళ్లేటప్పుడు, గడువులోపు దరఖాస్తు పెట్టుకుంటేనే ‘బ్రిటిష్ నేషనల్ (ఓవర్సీస్)’ అనే ప్రత్యేక బ్రిటిష్ పాస్‌పోర్టు తెచ్చుకోగలిగారు. దానితో లండన్‌లో స్థిరపడే హక్కు మాత్రం రాలేదు.

పాత జనన రిజిస్టరు నకలు తీయించేటప్పుడు స్పెల్లింగ్ చూసుకో. సుబ్బారావు పేరులో మనం ‘యు’ రాసేచోట ఫ్రెంచి గుమాస్తా ‘ఓ, యు’ రెండూ రాస్తాడు, ఆధార్‌తో కలవక అక్కడే టెన్షన్ మొదలవుతుంది. తాతయ్య, నాన్న, నువ్వు: పుట్టుకలు, పెళ్లిళ్లు, వరస ఎక్కడా తెగకూడదు.

ఏజెంట్లు చెప్పనిది ఇంకోటుంది. కుటుంబం యాభై ఏళ్లకి పైగా ఫ్రాన్సు బయటే ఉండిపోయి, నువ్వూ మీ నాన్నా ఎప్పుడూ ఫ్రెంచి పాస్‌పోర్టు గానీ కాన్సులేటులో నమోదు గానీ లేకుండా బతికితే, వారసత్వం నిరూపించుకునే అవకాశమే ఇవ్వరు. 1962 నుంచి లెక్కేస్తే ఆ యాభై ఏళ్లూ 2012తోనే నిండాయి. నాకైతే నీ కేసు నిలబడుతుందన్న ఆశ తక్కువే. ఒకవేళ వచ్చినా మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు, ఇక్కడి పాస్‌పోర్టు అప్పగించి విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో తిరగాలి. ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మీ నానమ్మ ట్రంకుపెట్టెలో 1962, 63 నాటి కాగితం ఏదైనా ఉంటే రెండు వైపులా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, సీలు స్పష్టంగా కనపడాలి.

మావయ్య