ఒక్క పైసా తేడా ఎక్కడిది?

ప్రశ్న: మా ఆర్థిక సంస్థలో ముప్ఫయ్యేళ్ల కిందట కోబాల్‌లో రాసిన వడ్డీ లెక్కల ప్రోగ్రామును ఈమధ్య ఒక సాఫ్ట్‌వేర్ సాయంతో జావాలోకి మార్చాము. కొత్తది ఏ ఎర్రరూ చూపకుండా నడుస్తోంది కానీ, చాలా ఖాతాలలో పాత లెక్కకూ దీనికీ ఒక పైసా తేడా వస్తోంది. దీనిని పట్టించుకోవాలా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తప్పకుండా పట్టించుకోవాలి. లక్ష ఖాతాలలో పైసా చొప్పున తేడా వస్తే నెలకు వెయ్యి రూపాయలు, ఆపై ఆడిటర్‌కు సంజాయిషీ. మీ కోడ్ చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఇటువంటి చోట నేను మొదట అనుమానించేది రౌండింగ్‌ను, అంటే పైసాకు మించి మిగిలే అంకెలను సవరించే తీరును.

1959లో రూపుదిద్దుకోవడం మొదలైన కోబాల్ వ్యాపార లెక్కల కోసమే పుట్టిన భాష కనుక, ఒక ఫీల్డులో దశాంశ బిందువుకు ముందు ఎన్ని అంకెలు, తరువాత ఎన్ని అంకెలు ఉండాలో ప్రోగ్రామరే ప్రకటిస్తాడు. రూ. 1,234.56 మీద ఏడాదికి 7.25 శాతం చొప్పున నెల వడ్డీ కడితే 7.4588 వస్తుంది. ఫలితం దాచే ఫీల్డుకు రెండే దశాంశ స్థానాలు ఉండి, ఆ వాక్యంలో ‘రౌండెడ్’ అన్న మాట లేకపోతే, కోబాల్ మిగిలిన అంకెలను నిర్దాక్షిణ్యంగా కోసివేసి 7.45 అని రాస్తుంది. అదే లెక్కను జావాలో దశాంశ సంఖ్యలకు వాడే ‘డబుల్’ రకంతో చేసి, చివర అందరికీ అలవాటైన పద్ధతిలో రౌండ్ చేస్తే 7.46 వస్తుంది. బడిలో నేర్చిన లెక్క ప్రకారం రెండోదే సరైనది, కానీ మీ ఖాతాదారులకు ఇన్నేళ్లుగా జమ అయినది మొదటిది.

డబ్బుకు ‘డబుల్’ వాడడమే అసలు పొరపాటు. అది సంఖ్యలను ద్విసంఖ్యా రూపంలో (0, 1 అంకెలతోనే) దాస్తుంది గనుక 1.15 వంటివి అందులో కచ్చితంగా ఇమడవు. 1.15ను 100తో గుణిస్తే 114.99999999999999 వస్తుంది, దానిని పూర్ణాంకంగా మారిస్తే 115 పైసలు కాస్తా 114 అవుతాయి. జావాలోనే ఉన్న, దశాంశాలను ఉన్నవున్నట్టే దాచే ‘బిగ్‌డెసిమల్’ రకం వాడి, రౌండింగ్ పద్ధతిగా మిగులు అంకెలను కోసివేసే ‘డౌన్’ ఇవ్వండి. ఎప్పుడూ చిన్న సంఖ్య వైపుకే దించే ‘ఫ్లోర్’ కూడా అంతేగా అనుకోకండి: ఖాతా అప్పులో ఉండి లెక్క రుణ సంఖ్యలోకి వెళితే ‘డౌన్’ −7.45 అంటుంది, ‘ఫ్లోర్’ −7.46 అంటుంది. బిగ్‌డెసిమల్‌కు విలువను కూడా ‘డబుల్’ నుంచి కాక కోట్స్‌లో పెట్టిన స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) అందించాలి, లేకపోతే పాత జబ్బు దానికీ అంటుకుంటుంది.

ఒక నెల పాత ఇన్‌పుట్ ఫైళ్లను రెండు ప్రోగ్రాములకూ ఇచ్చి, ఫలితాలను ఖాతా ఖాతాగా పోల్చి, తేడా ఒక్కటీ మిగలని దాకా పాత పద్ధతిని, అందులోని తప్పులతో సహా, ఉన్నదున్నట్టే నిలపండి. వడ్డీని రౌండ్ చేయాలా వద్దా అన్నది సంస్థ తీసుకోవలసిన నిర్ణయం, భాష మార్చేవారిది కాదు. వై2కె (2000 సంవత్సరపు తేదీల సమస్య) రోజులలో అమీర్‌పేటలో కోబాల్ నేర్చి అమెరికా వెళ్లివచ్చినవారు మీ ఎరుకలో ఉంటే, ఒక పూట పిలిచి పాత కోడ్ చదివించుకోండి, ఆ ఖర్చు వృథా పోదు.

ప్రశ్న: వారాల లెక్క వేసే చిన్న పైథాన్ ప్రోగ్రామును జావాలోకి అక్షరం పొల్లు పోకుండా మార్చాను. వెనకటి తేదీలకు మాత్రం తప్పు వారం చూపుతోంది. ఎందుకు?
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: శేషం గుర్తు (%) రెండు భాషలలోనూ ఒకటే, అర్థం వేరు. −1ని 7తో భాగించినప్పటి శేషం పైథాన్‌లో 6, జావాలో −1. వెనక్కి లెక్కిస్తున్నప్పుడు మీకు కావలసింది 6, అంటే ఆదివారాన్ని 0గా పెట్టుకుంటే శనివారం. జావాలో ఆ గుర్తుకు బదులు మ్యాథ్ క్లాసులోని ‘ఫ్లోర్‌మాడ్’ వాడండి.