వాళ్ల ఇంగ్లీషు మీద నవ్వే ముందు

అమ్మలూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. వాక్యం నీకు పట్టుబడుతోంది, ఆ విషయంలో టెన్షన్ పెట్టుకోకు. కానీ మొదటి రెండు పేజీలూ మన ఆమదాలవలస, పలాస వైపు గుమాస్తాల ఇంగ్లీషు మీద నవ్వడానికే సరిపోయాయి. అది నాకు నచ్చలేదు. అందుకే ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను.

‘ప్రీపోన్’ అన్నవాణ్ని వెక్కిరించావు. పోస్ట్‌పోన్ ఉంది, దానికి ఎదురుమాట లేదు, పరీక్ష తేదీ ముందుకు జరిగితే ఒక్క ముక్కలో చెప్పడానికి మనవాళ్లకి ఒక మాట కావలసి వచ్చింది, వాడుకలో పెట్టుకున్నారు. ఇవాళ అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. జనం నోట్లో ఉన్న మాట రాతకి పనికిరాదన్న పండితులతో ఆయన ఏళ్ల తరబడి పోరాడారు. అదే జిల్లా పిల్లవి నువ్వు. జనం పుట్టించుకున్న మాటని చూసి, అది ఇంగ్లీషు మాటైనా సరే, ముందు ఎందుకు పుట్టిందో అడగాలి కదా.

ఏ మాటనైనా దాని ‘అసలు అర్థం’లోనే వాడాలని ఒకటి పట్టుకున్నావు. దాన్ని తవ్వుకుంటూ పోతే ఎక్కడా ఆగదమ్మా. ‘నైస్’ ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు తెలివితక్కువ అని అర్థం. ‘టెరిఫిక్’ అంటే భయపెట్టేది, ఇప్పుడు మెచ్చుకోలు. మన కుర్రాళ్లు “సినిమా అరాచకం” అనడం వినలేదా, అదే దారి. ‘లిటరల్లీ’ని తప్పుగా వాడుతున్నారని అర పేజీ రాశావు, మరి మనం “అక్షరాలా నరకం చూశాను” అంటే ఎవరూ పట్టుకోరే? ఇంకా చిత్రం చెప్తాను. ఇంగ్లీషులో ‘బాండికూట్’ అన్న మాట మన పందికొక్కే. ఆ పేరు ఆస్ట్రేలియా దాకా వెళ్లి, అసలు ఎలుక జాతికే చెందని, పొట్టసంచిలో పిల్లల్ని పెంచే జంతువుకి అంటుకుంది. ఇప్పుడు దాన్ని తప్పు అని ఎవరు దిద్దుతారు?

అలాగని ఏ మాట ఎలా వాడినా ఒకటేనని నేను అనను. ‘గ్యాస్‌లైటింగ్’ చూడు. 1938లో ఇంగ్లండులో పాట్రిక్ హామిల్టన్ రాసిన నాటకంలోంచి వచ్చింది. పై అంతస్తులో మొగుడు గ్యాసుదీపం వెలిగించినప్పుడల్లా కింద పెళ్లాం గదిలో వెలుతురు తగ్గుతుంది. ఆమె అది కళ్లారా చూస్తోంది. చూస్తున్న మనిషినే, నీ మతి చెడిందని నమ్మిస్తాడు వాడు. అంత నరకానికి పేరు అది. 2022లో అమెరికా నిఘంటువు మెరియం-వెబ్‌స్టర్ వాళ్లు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచారు. ఇప్పుడు చిన్న అబద్ధమాడినా, మాట కాదన్నా గ్యాస్‌లైటింగే. నిజంగా ఆ బాధ పడుతున్న ఆడమనిషి రేపు నోరు విప్పితే ఆమెకి ఏ మాట మిగిలింది? నా కోపమంతా ఇక్కడ.

ఇంకొక రకం మాటలున్నాయి, అవి మరీ ప్రమాదం. నాకు ఇరవై మూడేళ్లప్పుడు ఈ జిల్లాలోనే ఒక జూట్ మిల్లు గేటుకి పొద్దున్నే నోటీసు అంటించారు. ఇంగ్లీషులో ఉంది. చదువుకున్నవాణ్నని నన్ను ముందుకి తోశారు. ఆపరేషన్స్ రేషనలైజ్ చెయ్యడం, సస్పెన్షన్ ఆఫ్ వర్క్, ఇలా ఉంది. నేను మాటకి మాట తెలుగు చేసి, హేతుబద్ధీకరణ, కార్యకలాపాల నిలుపుదల అని గట్టిగా చదివాను. చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. ఒక ముసలాయన, చేతిలో కేరేజీ ఇంకా వేడిగానే ఉంది, “ఏటి బాబూ, రేపు డూటీ ఉన్నాదా, నేదా?” అన్నాడు. మళ్లీ చదివాను. ఎవరు ఆపారో లేదు, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో లేదు. “లేదు తాతా” అన్నాను. ఆయనకి కావలసింది ఆ ఒక్క మాట, దాన్ని ఆ కాగితంలో కనపడకుండా చేశారు, నేనూ ముందు కనపడకుండానే చదివాను. ఇన్నేళ్లయినా ఆ కేరేజీ నా కళ్ల ముందే ఉంది.

ఇప్పుడు నీ నాలుగో పేజీ తియ్యి. పల్లెటూరి బడుల కోసం ‘హోలిస్టిక్ ఎకోసిస్టమ్ బిల్డ్ చెయ్యాలి’ అని రాశావు. అక్కడ పిల్లలకి కావలసింది బెంచీలా, టీచరా, వానాకాలం కాలవ దాటడానికి వంతెనా? నీకు తెలుసు, నువ్వు ఆ బళ్లోనే చదివావు. అది రాయి. గుమాస్తాల పేజీలు రెండూ తీసెయ్యి, వాళ్ల జోలికి పోకు.

పైడితల్లమ్మ పండక్కి ఎలాగూ వస్తావుగా, కొత్త ప్రతి పట్టుకురా. సిరిమాను కదిలేది మధ్యాహ్నం దాటాకే. పొద్దున్నే వచ్చేస్తే ఈలోగా కూర్చుని చదువుదాం.

మీ మాస్టారు
విజయనగరం