అమెరికాలో చిన్న ఊళ్ళ పక్కన ఇన్ని క్యాసినోలు ఎలా వచ్చాయి?

క్యాసినో అంటే లాస్ వేగాస్ వెళ్ళాల్సిందేనని మీరు అనుకున్నారని, కానీ మిస్సోరీ రాష్ట్రంలో చదువుతున్న మీ తమ్ముడు తన ఇంటికి 20 నిమిషాల్లోనే 'రివర్‌బోట్' (నది పడవ) క్యాసినో ఉందంటున్నాడని, అది నిజమేనా అని అడిగారు.

నిజమే. నేను 2007లో ఎంఎస్ చేయడానికి మిస్సోరీలోని సెయింట్ లూయిస్ వెళ్ళాను. మొదటి నెలలోనే సీనియర్లు ఒక క్యాసినోకు తీసుకెళ్ళారు. అక్కడ పెద్ద హోటలు, పార్కింగ్, బఫే కనిపించాయి. పడవేది అని అడిగితే "నువ్వు నిలబడింది పడవ మీదే" అన్నారు. జూదం నీళ్ళ మీదే ఆడాలన్నది అప్పటి చట్టం. అందుకని నది దగ్గర గొయ్యి తవ్వి, నీళ్ళు నింపి, బల్లకట్టు లాంటిది తేలేసి, దాని మీద హాలు కట్టారు. లోపలున్నవాళ్ళకు కింద నీళ్ళున్న సంగతే తెలియదు.

1980ల చివరి దాకా పెద్ద క్యాసినోలంటే లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం, న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీ. వ్యవసాయం దెబ్బతిన్న అయోవా రాష్ట్రం ఆదాయం కోసం 1989లో పడవల్లో జూదానికి చట్టం చేసింది. 1991 ఏప్రిల్ 1న పడవలు కదిలాయి. ఒక పందేనికి 5 డాలర్లు, ఒక ట్రిప్పులో పోగొట్టుకోగలిగేది 200 డాలర్లు, అంతే. నాకు ఈ హద్దులే ముఖ్యమనిపిస్తాయి. కానీ అదే ఏడాది మిసిసిపీ నదికి అవతల ఇల్లినాయ్ రాష్ట్రం అలాంటి హద్దులు లేకుండా మొదలుపెట్టింది. 1992లో మిసిసిపీ రాష్ట్రం ఒడ్డునే కట్టేసిన పడవల్లో ఆడనిచ్చింది. అయోవా పడవలు కొన్ని అటు వెళ్ళిపోయాయి. 1994లో అయోవా కూడా హద్దులు ఎత్తేసింది. పక్క రాష్ట్రానికి పోయే డబ్బు మనకే రావాలనే పోటీలో ఒక్కో నియమం పోయింది. 2005లో కత్రినా తుఫాను మిసిసిపీ రాష్ట్ర సముద్రతీరంలోని క్యాసినో బార్జిలను (తేలే బల్లకట్లను) ఒడ్డు మీదికి విసిరేశాక, అక్కడ నేల మీదే కట్టుకోనిచ్చారు.

మిస్సోరీలో నేను వెళ్ళిన కొత్తలో రెండు గంటలకు 500 డాలర్లకు మించి చిప్స్ (డబ్బుకు బదులు ఆటలో వాడే బిళ్ళలు) కొననిచ్చేవారు కాదు. 2008 నవంబరులో ఓటింగ్ పెట్టి దాన్నీ తీసేశారు. మా రూమ్మేట్ 2009లో సెమిస్టర్ ఫీజు మొత్తం అక్కడే పోగొట్టాడు. వేగాస్‌కైతే టికెట్ కొనాలి, సెలవు పెట్టాలి, ఈలోగా మనసు మారుతుంది. ఇక్కడ ల్యాబ్ నుంచి అర్ధరాత్రి బయటికొచ్చి కారెక్కితే చాలు. క్యాసినో ఇచ్చే కార్డు మీద పాయింట్లు, ఉచిత భోజనం, తర్వాత ఉచిత గది. వాడికి అది మర్యాదలా అనిపించేది. నాన్నకు ఫోన్ చేసి ల్యాప్‌టాప్ పోయిందని అబద్ధం చెప్పిన రోజు వాడి గొంతు నేను మర్చిపోలేదు. ఆ టెన్షన్‌లో వాడు రెండు వారాలు సరిగా తినలేదు.

మీ తమ్ముడు తరచూ వెళ్తున్నాడనిపిస్తే తిట్టకుండా, ఎంత పోయిందో అడగండి. మిస్సోరీలో "నన్ను లోపలికి రానివ్వకండి" అని మనమే సంతకం పెట్టే పద్ధతి 1996 నుంచీ ఉంది. పెట్టాక మళ్ళీ వెళ్తే అరెస్టు చేయొచ్చు. మావాడిని నేనే తీసుకెళ్ళి పెట్టించాను. అప్పట్లో ఆ సంతకం జీవితాంతానికి. తిరిగొచ్చేటప్పుడు, క్యాసినో బోర్డు కనిపించే హైవే వద్దు, ఊరిలోంచి పోదాం అన్నాడు. అరగంట ఎక్కువ పట్టింది.